మా సావిడి సామాను

మిక్సీల గురించీ, కుక్కర్ల గురించీ ఈ పేజీల్లో చాలా చదివాం కదా! ఈసారి సావిడిలోకి రండి. మాకు రెండు గేదెలు, ఒక పెయ్య. పాడి ఉన్న ఇల్లాలికి సగం పొద్దు అక్కడే గడుస్తుంది. అయినా వంటింటికి కొన్నంత మక్కువగా సావిడికి ఏమైనా కొనుక్కుంటామా? నాకు నిజంగా అక్కరకొచ్చినవి మాత్రం చెబుతాను.

మొదటిది తలకి పెట్టుకునే చిన్న లైటు. తెల్లవారుజామున కరెంటు పోతే ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో పొదుగు అయ్యే పని కాదండి. ఇదుంటే రెండు చేతులూ ఖాళీ. రెండోది రబ్బరు బూట్లు. నన్ను చూసి మా వీధిలో నవ్వని వాళ్లు లేరు. నవ్వనివ్వండి, వానాకాలం పేడ బురదలో పాదాలు ఒరవవు, గడ్డిమేటు దగ్గర పురుగూ పుట్రా భయం తగ్గుతుంది.

మూడోది డబ్బు పెట్టి కొనక్కర్లేదు. ఒక గిన్నె, దాని మీద కట్టడానికి నల్లగుడ్డ ముక్క. పాలు తీసేముందు ఒక్కో చన్ను నుంచీ మొదటి రెండు మూడు ధారలు ఆ గుడ్డ మీద పిండండి. పాలలో పలుకులు కనిపిస్తే పొదుగువాపు మొదలైనట్టే. తెల్లగిన్నెలో అవి కంటికి ఆనవు. పొదుగు కడిగాక పొడిగుడ్డతో తుడవడం మరవకండి. పాలు తీసిన వెంటనే గేదె పడుకోకూడదు. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట పైనే పడుతుంది, ఈలోగా నేల మీది సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. అందుకే నేను పచ్చిగడ్డి అప్పుడే వేస్తాను. తింటూ నిలబడి ఉంటుంది కదా!

కిందటేడు సిమెంటు నేల మీద మందపాటి రబ్బరు పరుపు వేయించాం. ఖరీదైనదే. కానీ చూడిగేదె జారిపడితే జరిగే నష్టంతో పోల్చుకోండి. దాణాలో రోజుకి 50 గ్రాముల లవణ మిశ్రమం కలపడం కూడా అలాంటి ఖర్చే. గడ్డికోసే యంత్రం గురించి మాత్రం నేను పెద్దగా చెప్పను. గడ్డి వృథా తగ్గేమాట నిజమే గానీ, పిల్లలున్న ఇంట్లో దాన్ని చూస్తేనే నాకు గుండె దడ.

ఇక అసలు సంగతి, పలుపు. నైలాను తాడు చవగ్గా దొరుకుతుంది, కాకపోతే మెడ కోసేస్తుంది. మన కోనసీమలో కొబ్బరి పీచుకి కొదవేమిటి చెప్పండి! పీచుతాడు నీళ్లలో నానినా తొందరగా చివకదు. తాడు కంటే ముఖ్యమైంది ముడి. రాటకి ఒక చుట్టు తిప్పి, కొసని మడిచి దూర్చి జారుముడి వేయండి. గేదె ఎంత గుంజినా బిగుసుకుంటుంది, మనం కొస పట్టి లాగితే ఒక్క క్షణంలో ఊడుతుంది. ఆ కొస గేదె నోటికి అందకుండా పైకి చెక్కాలి.

ఇంత ఎందుకంటారా? 1996 నవంబరు 6 రాత్రి తుపాను మన వాళ్లెవరూ మరిచిపోలేరు. కట్టిన పశువు కట్టినచోటే పోయిన ఇళ్లు ఎన్నో! గేదెకి ఈత పుట్టుకతో వచ్చిన విద్య, తాడు విప్పితే తన దారి తను చూసుకుంటుంది. ముడి తడిసి బిగుసుకుంటే మనిషి కూడా దాని పక్కనే చిక్కుకుపోతాడు. అందుకే మా చూరులో ఒక కొడవలి ఎప్పుడూ గుచ్చి ఉంటుంది, దాన్ని కోతకి తీసుకెళ్లనివ్వను. మా ఆయన రెండుసార్లు అడిగి ఊరుకున్నారు.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లోని పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలారు. గట్టు మీద చోటు దొరికినా మేత దొరకదు. అప్పటినుంచీ జులై వచ్చిందంటే తవుడూ, ఉప్పూ మూత బిగించే ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి అటక మీద పెడతాను. పక్కనే ఒక ఖాళీ బకెట్. పాలిచ్చే గేదె రోజుకి 50, 60 లీటర్ల నీళ్లు తాగుతుంది. వరదనీళ్లు తాగించకూడదు కనక బోరు నీళ్లు మోయాల్సిందే. డ్రమ్ము మూత మీద 1962 అని రంగుతో రాసిపెట్టాను. సంచార పశువైద్య వాహనానికి ఫోన్ నంబరు అదే. వాన మొదలవకముందే గాలికుంటు టీకా వేయించండి, గట్టు మీద పది ఊళ్ల పశువులు ఒకచోట చేరతాయి మరి.