మొక్కుకి పోతున్నరా?

పనేమీ లేకుండా అడవిలో నడవడానికి తెలుగులో మాట లేదు. ఆకు తెంపడానికి పోతారు, కట్టెలకి పోతారు, మొక్కుకి పోతారు, తప్పిపోయిన పశువుని వెతకడానికి పోతారు. నాలుగు రోజులు నడిచి, మూడు రాత్రులు మూడు ఊళ్లలో ఎవరో ఒకరి ఇంట్లో పడుకుని, బస్సెక్కి ఇంటికొచ్చేయడాన్ని ఏమనాలి? ‘ట్రెక్కింగ్’ అంటే పట్నంలో అర్థమవుతుంది. టేకులపల్లిలో బస్సు దిగి వీపున సంచులు తగిలించుకున్న నన్నూ నా సహచరుణ్ణీ చూసి దారిపొడుగునా అడిగిన ప్రశ్న ఒక్కటే: “మొక్కుకి పోతున్నరా?”

అది 2023 జనవరి. మేడారం జాతర రెండేళ్లకోసారి. 2022 ఫిబ్రవరిలో అయిపోయింది, మళ్లీ 2024లోనే. జాతర లేని ఏడు కాలినడకన బయల్దేరారంటే అది చాలా పెద్ద మొక్కే అయివుండాలి. ఆ వెంటనే రెండో ప్రశ్న, “పిల్లలెంతమంది?” లేరనగానే మొదటి ప్రశ్నకి జవాబు వాళ్లకి దొరికిపోయేది. ఆడవాళ్లు నా వైపు జాలిగా చూసి, “సమ్మక్క తల్లి ఇస్తది బిడ్డా” అనేవారు. పిల్లలు వద్దనుకున్నామని ఒకచోట చెప్పి చూశాను. ఆ ముసలమ్మ చాలాసేపు ఆలోచించి, “ఆయన వద్దన్నడా?” అని అడిగింది.

నా పిహెచ్.డి. తెలుగు నవలల్లో అడవి గురించి. ఆరేళ్లు లైబ్రరీల్లో కూర్చుని అడవి గురించి రాశాను. నేను చదివిన పుస్తకాల్లో మగవాళ్లు అడవిలోకి ఉద్యోగం మీద వెళ్తారు, ఉద్యమం కోసం వెళ్తారు, వేటకి వెళ్తారు, విరక్తి పుట్టి వెళ్తారు. ఆడవాళ్లు అక్కడ ఉంటారు, లేదా ఎవరి వెంటో వస్తారు. నేనొక్కదాన్నే నడిచొస్తానంటే అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. అతనూ వస్తున్నాడనగానే చెగోడీలు చేసి డబ్బాకెత్తింది. అతను పుట్టి పెరిగింది విజయవాడలో. అడవి సంగతి నాకన్నా ఒక్క ముక్క కూడా ఎక్కువ తెలియదు. పెళ్లికి ముందు అతనొక్కడే హిమాలయాలకి పోయినప్పుడు మాత్రం వాళ్లింట్లో స్వెట్టర్ గురించి తప్ప ఇంకే చర్చా జరగలేదట.

ఇది మన దగ్గరి జబ్బు మాత్రమే కాదు. కొండల్లో ఒక బస నుంచి మరో బసకి నడుచుకుంటూ పోయే అలవాటు బాగా స్థిరపడిన ఆల్ప్స్‌లోనే చూడండి. అక్కడ ఎన్నో బసలు నడిపే స్విస్ ఆల్పైన్ క్లబ్ 1863లో పుట్టింది. 1907లో ఆడవాళ్లకి సభ్యత్వం లేదని తీర్మానించుకుంది. ఆడవాళ్లు 1918లో వేరే క్లబ్ పెట్టుకున్నారు. ఆ రెండూ కలవడానికి 1980 దాకా పట్టింది.

మేం నడిచినదంతా అడవే అని కూడా చెప్పలేను. చాలాచోట్ల అది జామాయిల్ తోట, ఇంకొన్నిచోట్ల పోడు చేలల్లో విరిగిన పత్తి. మిరప కోతలకి ఆడవాళ్లని ఆటోల్లో కుక్కి తీసుకుపోతున్నారు. అసలు చెట్లు దొరికినచోట మాత్రం ఆకుల చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఎదురొచ్చిన మనుషుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే, నెత్తిన కట్టెల మోపులతో. ఎండాకాలం తునికాకు తెంపి, యాభై ఆకులకి ఒక కట్ట చొప్పున కట్టి కల్లానికి చేర్చేదీ ఎక్కువగా వాళ్లే. మేం సాహసమనుకుని నడిచిన దారి వాళ్లకి రోజూ పోయొచ్చే దారి. దానికి తోడు ఎవరూ అక్కర్లేదు.

మొదటి రాత్రి లంబాడా తండాలో. ఆ ఇంటాయన నా సహచరుడికి నులకమంచం వాల్చి రాజకీయాలు మొదలుపెట్టాడు. నేను పొయ్యి దగ్గర కూర్చున్నాను. రోజంతా కోతకి పోయొచ్చిన ఆమె మా ఇద్దరి కోసం మళ్లీ జొన్నపిండి కలిపింది. పొద్దున్నే అతను డబ్బులు తీసి ఇంటాయన చేతిలో పెట్టాడు. చాలా మర్యాదగా, రెండు చేతులతో. దారిలో దాని గురించి గంటసేపు వాదించుకున్నాం. రెండో రాత్రి కోయ గూడెంలో డబ్బులు నేనిచ్చాను, వండినామెకి. ఆమె లెక్కపెట్టుకుని రొండిన దోపుకుంది, ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు అతని కాలికి బొబ్బలెక్కితే పెద్ద సంచి నేను మోశాను. అదీ చూశారు. “ఆయన సంచి నువ్వు మోస్తన్నవేంది బిడ్డా?” అన్నది ఒకామె. అంతకు ముందురోజు నా సంచి కూడా అతను మోసినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు.

రాత్రుళ్లు నాకు సీత గుర్తొచ్చేది. ఈ ప్రాంతంలో ఆమెను తలచుకోకుండా ఉండలేం. భద్రాచలం దాటాక దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉంది. అక్కడ సీతమ్మవని చూపించే గుర్తులేమిటో గమనించారా? వాగులో స్నానం చేసిన చోటు, నారచీరలు ఆరేసిన రాయి. వాల్మీకి అరణ్యకాండలో మాత్రం ఆ ముగ్గురూ ఒక ఆశ్రమంలో కొన్ని నెలలు, మరోదాన్లో ఏడాది చొప్పున పదేళ్లు తిరుగుతారు. ఆ నడకలోనే సీత రాముడితో వాదిస్తుంది. మనకి ఏ అపకారమూ చేయనివాళ్లని చంపడానికి ఆయుధాలు పట్టుకుని అడవిలోకి ఎందుకని నిలదీస్తుంది. ఆ వాదనకి గుర్తుగా ఏ రాయీ లేదు. చీరలు ఆరేసిన రాయే ఉంది.

నిన్నమొన్నటి జంట ఇంకొకటుంది. 1940ల్లో నిజాం రాజ్యంలో చెంచుల, కొండరెడ్ల, గోండుల మధ్య ఊరూరా తిరిగిన హైమన్‌డార్ఫ్ పేరు మానవశాస్త్రం తెలియనివాళ్లు కూడా వినే ఉంటారు. ఆయన భార్య ఎలిజబెత్ ఆ గుడారాల్లోనే ఉన్నారు. దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథసూచిని 1958లో తయారుచేసింది ఆమే. ఇతరుల పుస్తకాల పేర్లన్నీ ఒక్కొక్కటిగా రాసి, సర్ది, పరిశోధకుల చేతికివ్వడం ఎంత చాకిరీయో నాకు తెలుసు. ఆమె 1987లో హైదరాబాద్‌లో చనిపోయారు. సమాధి ఆదిలాబాద్ గోండుల ఊరు మార్లవాయిలో ఉంది. ఇప్పటికీ ఎక్కువ చోట్ల ఆమె పరిచయం ‘హైమన్‌డార్ఫ్ సతీమణి’ అనే.

మూడో రాత్రి ఇల్లు ఒంటరి ఆడమనిషిది. భర్త తొమ్మిదేళ్ల కిందట వేరే ఊళ్లో వేరే కాపురం పెట్టాడు. ఉన్న ఒక్క మంచం మాకిచ్చి తను పందిరి కింద చాప వేసుకుంది. వద్దన్నా వినలేదు, “ఇద్దరొచ్చిన్రు గదా” అంది. పోడు పట్టాల దరఖాస్తుల పరిశీలన నడుస్తున్న రోజులవి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పెళ్లయినవాళ్లకి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. ఒంటరి మనిషి నడిపే ఇంటికైతే ఆ ఒక్కరి పేరునే. ఎంతో పోరాడి సాధించుకున్న మంచి నిబంధన. కానీ ఆమె ఈ రెంటిలో ఎక్కడ? కాగితం నింపిన కుర్రాడు మొగుడి పేరు అడిగాడట. ఆమె చెప్పిందట. “రాస్తే సగం ఆయనకు పోతది. రాయకుంటే మొగుడున్నదానివే గదా అంటరు. చెట్లు కొట్టినప్పుడు ఆయన లేడు, కేసు పెట్టినప్పుడు లేడు. కాగితంల మాత్రం ఉంటడా?” చదువుకున్నదాన్ని కదా అని నన్నడిగింది. చట్టంలోని ఆ మాటలు నాకు తెలిసినంతలో చెప్పి, గ్రామసభలో ఒంటరి మహిళగా రాయమని అడగమన్నాను. కాగితం మీద రాసిమ్మంది. రాసిచ్చాను. ఈ దేశంలో జంటగా ఉన్నందుకు నాకు దారులు తెరుచుకుంటున్నాయి. అదే జంట, విరిగిపోయాక కూడా, ఆమె చేను మీద కూర్చుని ఉంది.

పొద్దున కొడవలి నడుముకి దోపుకుని వాగుదాకా దారి చూపించింది. నడక మా ఇద్దరికన్నా చాలా వేగం. వాగు దగ్గర నా సహచరుడు ముందుకి పోయి లోతు చూస్తుండగా నా చెయ్యి పట్టుకుని, “మళ్లొస్తే నువ్వొక్కదానివే రా చెల్లె. ఇద్దరొస్తే నాకు మంచముండది” అంది.