వరండాలో మూడో తరగతి

మాది నెల్లూరు జిల్లా వరికుంటపాడు మండలం, యానాది కుటుంబం. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. ఎస్టీ హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. స్కూళ్ల విలీనం దెబ్బ మా చెల్లి మీద పడింది కాబట్టి దాని గురించి రాస్తున్నా.

2020లో కొత్త జాతీయ విద్యా విధానం వచ్చింది. దాన్ని చూపించి మన రాష్ట్రంలో 2022 జూన్ 10న జీవో 117 ఇచ్చారు. కిలోమీటరు లోపల హైస్కూల్ ఉంటే ప్రైమరీ బడిలోని 3, 4, 5 తరగతుల్ని అందులో కలపాలన్నారు. చిన్న పిల్లలకి కూడా సబ్జెక్టుకో టీచర్ ఉంటారని చెప్పారు. వినడానికి బాగానే ఉంది. కానీ పిల్లకాయలు వచ్చినంత తొందరగా గదులు రాలేదు.

మా చెల్లి అప్పుడు మూడో తరగతి. వాళ్ల క్లాసుని వరండాలో కూర్చోబెట్టారు. వానొస్తే నాలుగో తరగతి గదిలోకి పంపేవాళ్లు, బెంచీకి ఐదుగురు. లెక్కల సార్ తొమ్మిది, పది చూసుకుని ఖాళీ దొరికితే వీళ్ల దగ్గరికి వచ్చేవారు. సార్లని అనడం లేదు. పదో తరగతి రిజల్ట్ తగ్గితే వాళ్లని నిలదీస్తారు, మూడో తరగతి గురించి ఎవరూ అడగరు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదు వరకు 30 మందికి ఒక టీచర్, ఆరు నుంచి ఎనిమిది వరకు 35 మందికి ఒకరు ఉండాలి. ఈ లెక్క ఎందుకో మా కాలనీని చూస్తే తెలుస్తుంది. మావాళ్లు కంప కొట్టడానికో బొగ్గు బట్టీలకో పోతే పిల్లల్ని కూడా తీసుకుపోతారు. పాత బడిలో టీచరమ్మ రెండో రోజే కాలనీకి వచ్చి "పాప ఏదమ్మా?" అని అడిగేది. వరండాలో హాజరు పిలిచేసరికే సగం పీరియడ్ అయిపోయేది. పది రోజులు రాకపోయినా అడిగే దిక్కు లేదు. క్లాసు కిక్కిరిస్తే ముందు కనపడకుండా పోయేది మన పిల్లలే.

2025లో ఆ జీవో తీసేశారు. మంచిదే. కానీ అప్పటికే మా చెల్లి ఐదు దాటి ఆరుకొచ్చేసింది. ఆ మూడేళ్లు ఎవరు తిరిగిస్తారు? సెలవులకి పోయినప్పుడల్లా కూర్చోబెట్టి భాగహారాలు చేయిస్తున్నా.

అదే చట్టంలో ఇంకో మాట ఉంది. బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మనలాంటి వర్గాల తల్లిదండ్రులకి పిల్లల సంఖ్యని బట్టి చోటివ్వాలి. ఈసారి ఊరికి పోయినప్పుడు మీ బడి కమిటీలో మన కాలనీ వాళ్లు ఎవరైనా ఉన్నారా అని కనుక్కోండి. లేకపోతే ఒక తల్లిని నిలబెట్టండి. మాయమ్మది వేలిముద్రే. అయినా "మా పాపకి గది ఏది సార్?" అని అడగడానికి సంతకం రానక్కర్లేదు కదా.