బహుమతి ఎవరికి?

పిల్లలూ! నలుగురు స్నేహితులు కలిసి పుస్తకాల జట్టు కట్టడం చాలా మంచిపని. ఒకరు కొన్న పుస్తకాన్ని అందరూ చదవవచ్చు. చదివినదాన్ని గురించి కలిసి మాట్లాడుకోవచ్చు. కాని ఆ జట్టులో అందరికంటె విలువైనవారెవరో తేల్చబోతే చిక్కు వస్తుంది.

జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ వచ్చి ప్రొద్దుటూరులో చదువుకొంటున్న పిల్లలూ, ఆ ఊరి పిల్లలూ కలిసి ఇలాంటి జట్టు కట్టుకొన్నారు. సంవత్సరం చివర ఒకరికి బహుమతి ఇవ్వాలనుకొని, తగవు పడి, నా దగ్గరకు వచ్చారు. ప్రొద్దుటూరు అబ్బాయి అందరికంటె ఎక్కువ చదివాడు. జమ్మలమడుగు అబ్బాయి ఎక్కువ పుస్తకాలు కొని ఇచ్చాడు. పులివెందుల అమ్మాయి చదివింది తక్కువే. కాని ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉన్నదో వ్రాసి పెట్టేది, చినిగిన అట్టలు అతికేది, చదవడానికి బద్ధకించేవాళ్ళకు నచ్చే పుస్తకం వెతికి ఇచ్చేది. ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. ఆమె జట్టు మానేద్దామనుకొంటున్నదని తరువాత తెలిసింది.

నేను వాళ్ళకు మన కడప సంగతి ఒకటి చెప్పాను.

1820 లో సి. పి. బ్రౌన్ అనే ఆంగ్లేయుడు ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. అప్పట్లో మన కావ్యాలు చాలావరకు తాటాకుల మీదనే ఉండేవి. ఒక ప్రతిలో ఒక మాట ఉంటే, మరొక ప్రతిలో మరొక మాట ఉండేది. బ్రౌన్ కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులనూ లేఖకులనూ పెట్టాడు. వాళ్ళు ప్రతులను పోల్చి, తప్పులు దిద్ది, శుభ్రంగా తిరిగి వ్రాశారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పనులు చూసేవాడు. 1829 లో బ్రౌన్ వేమన పద్యాలను అచ్చు వేయించాడు. 1852 లో ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. ఆ బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉన్నది. అది న్యాయమే. మరి కూర్చుని అక్షరమక్షరం వ్రాసిన లేఖకుల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

ఇది విని పిల్లలు ఆలోచనలో పడ్డారు. “తలా ఒక చీటీ తీసుకొని, ‘నేను చదివిన మంచి పుస్తకం ఎవరివల్ల నా చేతికి వచ్చింది?’ అన్న ప్రశ్నకు జవాబు వ్రాయండి,” అన్నాను.

చీటీలు విప్పితే, ఎక్కువ వాటిలో పులివెందుల అమ్మాయి పేరే ఉన్నది. ప్రొద్దుటూరు అబ్బాయి చీటీలో కూడా!

బహుమతిగా ఆమెకు ఒక కొత్త పుస్తకం ఇచ్చారు. అంతకంటె మంచిపని మరొకటి చేశారు: పుస్తకాల లెక్క ఇకమీదట నెలకొకరు వంతులవారీగా వ్రాయాలని నిర్ణయించుకొన్నారు. దానితో ఆ అమ్మాయికి చదువుకొనే తీరిక దొరికింది.

మీ జట్టులో కూడా ఒకసారి ఇలా చీటీలు వేసి చూడండి.