పలమనేరు అడవి యంచున

చిత్తూరునుండి మొగిలి కనుమ నెక్కి పడమరగా బోయినచో పలమనేరు చేరుదుము. సముద్రమట్టమునకు రెండువేల యడుగులకు పైబడిన యెత్తున నుండుటచే ఈ యూరు చల్లనిదని పేరు. ఇచ్చటినుండి కుప్పమువైపు వ్యాపించిన కొండయడవులను 1990లో కౌండిన్య అభయారణ్యముగా నేర్పరచిరి. 1980 దశాబ్దిలో పొరుగుసీమలైన తమిళనాడు, కర్ణాటకములనుండి తరలివచ్చిన యేనుగులే అందులకు ముఖ్యకారణము.

సోదరీమణులారా! ఛాయాచిత్రములు తీయుటయే వృత్తిగా గల నావంటి వారికి ఈ యడవి యెంత సుందరమో అంత చిక్కైనది. ఏనుగునకు చూపు తక్కువ, ఘ్రాణశక్తి మిక్కుటము. గాలి మనవైపునుండి దానివైపు వీచినచో, పొదచాటున నున్నను పసిగట్టును. గున్నతో నున్న తల్లియేనుగు చెవులు విప్పి నిలిచినప్పుడు మంచి చిత్రమునకై ముందడుగు వేయుట ప్రాణముతో చెలగాటమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి, అభయారణ్యమున ప్రవేశించుటకు అటవీశాఖవారి యనుమతి యవసరము. కుప్పము దారిలోని కైగల్ జలపాతముకడ అపాయము వేరు. కెమెరాలో కన్నుంచి పాచిబండలపై నడచువారికి కాలు జారుట క్షణములో పని.

అపాయమునకు జాగ్రత్త గలదు. సంకటమునకు మందు లేదు. ఈ ప్రాంతమున పైరునకు కాపుగా బిగించిన విద్యుత్తు తీగలు తగిలి యేనుగులును, ఏనుగుల వాతబడి రైతులును మరణించుట కలదు. ఒకనాటి వేకువను, రాత్రి యేనుగులు తొక్కిన టమాటా తోటకు బోయితిని. విరిగిన ఊతకర్రల నడుమ ఒక యిల్లాలు కన్నీరు గార్చుచు కూర్చుండెను. పత్రికలవారు కోరునది అట్టి ముఖమే. నా చేతిలోని కెమెరాను జూచి ఆమె, “తోట ఫోటో తీసుకోమ్మా, నాది మాత్రం వద్దు. మా యమ్మ చూసిందంటే అన్నం ముట్టదు” అనెను.

తడినేలపై నిండిన యేనుగు అడుగులను, నలిగిన కాయలను, కూలిన కర్రలను మాత్రమే తీసితిని. నష్టపరిహారపు అర్జీకి పనికివచ్చునని ఆ ప్రతులను ఆమెకే యిచ్చితిని. జరిగిన నష్టమంతయు నందున్నది. ఆమె మొగము లేదు. ఆ చిత్రము నాకు పత్రికలో చోటు సంపాదింపలేదు. అయినను మరల ఆ యూరికి బోయినప్పుడు ఆమె పిలిచి, చెంబెడు మజ్జిగ యిచ్చి, కొత్తగా నాటిన మొక్కలను చూపెను.

నేడు ఫోనుతో బాటు కెమెరా ఇంటింట నున్నది. కావున, అడుగవలసిన యనుమతి అడవిదొక్కటే కాదని మనమందరము గుర్తుంచుకొనవలయును.