ఆ 73 రోజులు ఎవరివి?

మన ఇళ్లలో ఎవరి కారోబార్ గురించి మాట వచ్చినా మొదటి సవాల్ ఒకటే: "నఫా ఎంత?" నఫా చూడాల్సిందే, కాదనను. కానీ దుకాణ్‌లో పుట్టి పెరిగినవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుసు. నఫా బాగానే ఉండి, గల్లాపెట్టెలో పైసా లేక షట్టర్ దించేసినవాళ్లు ప్రతి బజారులోనూ ఉంటారు. సరుకంతా అల్మారాల్లో, డబ్బంతా జనం దగ్గర. పుస్తకంలో నఫా, జేబులో ఖాళీ.

గుంటూరులో మా అబ్బాకి బట్టల దుకాణ్ ఉండేది. ప్రతి తానుకూ ఒక అట్టముక్క కట్టి, ఆ తాను ఏ నెలలో వచ్చిందో దాని మీద పెన్సిల్‌తో రాసేవారు. ధర కాదు, నెల! రంజాన్ సీజన్ అయ్యాక ఆ అట్టముక్కలన్నీ తిప్పి చూసేవారు. పాత నెల కనబడిందా, "మాల్ సోగయా తో పైసా భీ సోగయా" అనేవారు. సరుకు నిద్రపోతే దాంట్లో పెట్టిన డబ్బూ నిద్రపోయినట్టే. నఫా వదులుకునైనా ముందు దాన్ని కదిలించేవారు. ఆయన ఖాతా పుస్తకంలో ఇంకో రెండు లెక్కలుండేవి. ఉధార్ పట్టుకెళ్లినవాళ్లు ఎన్ని రోజులకు తెచ్చి ఇస్తున్నారు? సూరత్ సేఠ్‌కి మనం ఎన్ని రోజుల్లో కట్టాలి? మాల్, వసూల్, చెల్లింపు. బస్, ఈ మూడే.

కాలేజీల్లో వీటికి యాక్టివిటీ రేషియోలు అని పేరు. మా ఆపా కూతురు హైదరాబాద్‌లో ఎంబీఏ చదువుతోంది. ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీని తీసుకుని దాని పనితీరును ఈ రేషియోలతో తూచి రమ్మన్నారట. మా భాంజీ యాపిల్‌ని ఎంచుకుంది. ఎక్సెల్ షీట్ నాకు పంపి, "మామూ, ఒకసారి చూడండి, ఆఖర్లో మైనస్ వచ్చింది, గలత్ అయిందేమో" అంది. గలత్ కాదు. ఆ మైనస్ గురించే ఇదంతా రాస్తున్నాను.

ముందు లెక్క చెప్తాను. యాపిల్ ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్ ఆఖరి శనివారంతో ముగుస్తుంది. 2024 సంవత్సరంలో అమ్మకాలు సుమారు 39,103 కోట్ల డాలర్లు. అమ్మిన సరుకుకు అయిన ఖర్చు 21,035 కోట్లు. చేతిలో మిగిలిన సరుకు ఏడాది మొదట్లో 633 కోట్లు, ఆఖర్లో 729 కోట్లు. సగటు 681 అనుకోండి. 21,035ని 681తో భాగిస్తే దాదాపు 31. అంటే వాళ్ల గోదాము ఏడాదికి 31 సార్లు ఖాళీ అయి నిండుతోంది. 365 రోజుల్ని 31తో భాగిస్తే 12 రోజులు. యాపిల్ సరుకు నిద్రపోయేది 12 రోజులే! అబ్బా వింటే అట్టముక్కల అవసరమే లేదనేవారు.

ఇదేమీ మొదట్నుంచీ ఉన్న హునర్ కాదు. 1997 సెప్టెంబర్‌లో అదే కంపెనీ దగ్గర 43.7 కోట్ల డాలర్ల సరుకు పడి ఉంది, అప్పటి ఖర్చుల లెక్కన దాదాపు ఒక నెలది. ఏడాది తిరిగేసరికి అది 7.8 కోట్లకు, అంటే ఆరు రోజుల సరుకుకు దిగింది. ఆ మధ్యలో, 1998 మార్చిలో, కాంపాక్ నుంచి టిమ్ కుక్ వచ్చి సరుకు నడిపే జిమ్మేదారీ తీసుకున్నారు. గోదాములు మూయించారు, సప్లయర్లను తగ్గించారు. కంప్యూటర్ వ్యాపారాన్ని పాల వ్యాపారంలా నడపాలని, తేదీ దాటితే విరిగిపోతుందని ఆయన అనేవారట. తారీఫ్ అంతా ఆయనొక్కడికే ఇవ్వలేం. అంతకు ముందే తిరిగొచ్చిన స్టీవ్ జాబ్స్ డజన్ల కొద్దీ మోడళ్లను కొట్టేసి నాలుగైదుకు తెచ్చారు. అల్మారాలో నలభై రకాల చీరలకు బదులు నాలుగు రకాలే పెడితే ఏ దుకాణ్‌లోనైనా మాల్ కదులుతుంది.

ఖైర్, రెండో లెక్క వసూల్. కొన్నవాళ్ల నుంచి రావాల్సిన బాకీ సగటున 3,146 కోట్లు. అమ్మకాలను దాంతో భాగిస్తే 12కి కొంచెం పైన. అంటే అమ్మిన 29 రోజులకు డబ్బు చేతికొస్తోంది. మూడోది చెల్లింపు. సప్లయర్లకు ఇవ్వాల్సింది సగటున 6,579 కోట్లు. దాన్నిబట్టి చూస్తే 114 రోజులు.

ఇప్పుడు కలపండి. సరుకు 12 రోజులు ఉంది, అమ్మాక 29 రోజులకు డబ్బొచ్చింది, మొత్తం 41. కట్టాల్సింది 114వ రోజున. 41 లోంచి 114 తీసేస్తే మైనస్ 73. మనకైతే ముందు మన డబ్బు పోతుంది, తర్వాత గాహక్ దగ్గర్నుంచి వస్తుంది. వాళ్లకు ముందు గాహక్ డబ్బు వస్తుంది, 73 రోజులు చేతిలో ఆడుతుంది, ఆ తర్వాత సప్లయర్‌కి పోతుంది. మా భాంజీ షీట్‌లో ఈ గడి పక్కన ఆకుపచ్చ రంగేసి "అద్భుతమైన సామర్థ్యం" అని రాసింది. పాఠ్యపుస్తకాలు కూడా అలాగే రాయమంటాయి.

నేను ఒకటే అడిగాను. "బేటా, ఈ 114 రోజులు నిజంగా ఎవరైనా వేచి ఉంటున్నారా?"

అదే యాపిల్ లెక్కల్లో ఇంకో వరస ఉంది, చాలామంది దాటేసి పోయేది: తయారీదారుల నుంచి రావాల్సిన, అమ్మకాలకు చెందని బాకీ. 2024 ఆఖర్లో అది 3,283 కోట్ల డాలర్లు. గాహక్‌ల బాకీ 3,341 కోట్లు, ఇదీ దాదాపు అంతే! కథేమిటంటే, యాపిల్ చాలా విడిభాగాలను తనే కొని, ఫోన్లు కూర్చే ఫ్యాక్టరీలకు అమ్ముతుంది. వాళ్లు కూర్చి ఇచ్చిన ఫోన్‌ని మళ్లీ కొంటుంది. దర్జీకి గుడ్డ మనమే అమ్మి, కుట్టిన షేర్వానీని గుడ్డ ధరతో సహా అతని దగ్గరే కొన్నట్టు. గుడ్డ తెచ్చినప్పుడు ఒక బాకీ రాశాం, షేర్వానీ తీసుకున్నప్పుడు అదే గుడ్డ ధర కలిపి ఇంకో బాకీ రాశాం. ఇవ్వాల్సిన బాకీలో ఒకే గుడ్డ రెండుసార్లు కూర్చుంది. దర్జీ మనకివ్వాల్సింది ఇంకో పేజీలో ఉంది.

అందుకని ఆ బాకీని ఇందులోంచి తీసేసి చూడమన్నాను. సగటు 6,579 కాస్తా 3,363 కోట్లకు వచ్చింది. రోజులు 114 నుంచి 58కి పడ్డాయి. మైనస్ 73 కాస్తా మైనస్ 17 అయింది. మైనస్ అయితే మిగిలింది, హునర్ అబద్ధం కాదు. కానీ 73కీ 17కీ తేడా చిన్నది కాదు కదా. ఆ 12 రోజుల సరుకు లెక్క కూడా ఇప్పుడు కొంచెం మసకబారుతుంది. ఫ్యాక్టరీలో ఇంకా ఫోన్ కాని విడిభాగం యాపిల్ గోదాము లెక్కలో లేదు, ఇంకొకరి లెక్కలో ఉంది. మాల్ సోయా హై, మగర్ దూస్రే కే ఘర్ మే.

ఇంకో తిరకాసు తేదీ. ఐఫోన్ 16 దుకాణాల్లోకి వచ్చింది 2024 సెప్టెంబర్ 20న. లెక్కలు మూసింది సెప్టెంబర్ 28న. ఈద్‌కి వారం ముందు మన బట్టల బజారులోకొచ్చి ఖాతాలన్నీ ఫోటో తీస్తే ఎలా ఉంటుంది? సూరత్ బాకీ ఆకాశంలో ఉంటుంది. రెండు సెప్టెంబర్ల సగటు తీసినా రెండూ ఈద్ ముందు రోజులే. మూడు నెలలకోసారి వచ్చే లెక్కలు నాలుగూ తీసుకుని సగటు వేస్తేనే కాస్త న్యాయం.

మొత్తం ఆస్తి మీద అమ్మకాలు చూస్తే రేషియో 1.09 మాత్రమే. భాంజీ దీనికి ఎర్ర రంగేసింది. అది పాపం కంపెనీ బద్ధకం కాదు. 36,498 కోట్ల ఆస్తిలో దాదాపు 15,700 కోట్లు నగదు, బాండ్లు, షేర్లవంటి పెట్టుబడులు. అవి ఫోన్లు అమ్మవు. భవనాలు, యంత్రాలవంటి వాటి మీదే చూస్తే ఒక డాలరుకి దాదాపు ఎనిమిది డాలర్ల డెబ్బై అయిదు సెంట్ల అమ్మకం వస్తోంది. ఎందుకంటే ఫోన్లు కూర్చే పెద్ద ఫ్యాక్టరీలు వాళ్లవి కావు.

ఇంత వివరంగా ఎందుకు అడిగానంటే, ఆ అమ్మాయి "అద్భుతం" అని రాసిన గడికి రెండో వైపు వాళ్లింట్లోనే కూర్చుని ఉంది. మా దూల్హాభాయ్ అట్టపెట్టెలు చేస్తారు. చిన్న యూనిట్, పదకొండు మంది పనివాళ్లు. ఆయన ఎక్కువ సరుకు ఒకే పెద్ద కంపెనీకి వెళ్తుంది. యాపిల్‌తో దానికేం సంబంధం లేదు, పేరు రాయను. ఒప్పందంలో 45 రోజులని ఉంటుంది. బిల్లు మాత్రం ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్‌కి నడుస్తూనే ఉంటుంది. ఆయన తకాజా చేస్తే "సిస్టమ్‌లో ఉంది సార్" అంటారు. పనివాళ్ల కూలీ మాత్రం ప్రతి శనివారం. వాళ్లకి సిస్టమ్ చూపించలేం. భాంజీ రెండో విడత ఫీజు కూడా ఆ టేబుళ్ల మధ్యే ఎక్కడో ఉంది.

ఇలాంటి యూనిట్లు నడిపే మన కుటుంబాలకు ఖానూన్ ఒకటి ఉంది, వాడేవాళ్లు తక్కువ. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న యూనిట్లకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్నులో ఇంకో ముడి వేశారు. గడువులో కట్టకపోతే కొన్న కంపెనీ ఆ ఖర్చును అసలు కట్టిన ఏడాదిలోనే చూపించుకోవాలి. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే షికాయత్ పెట్టుకోవచ్చు. ఇది తయారుచేసేవాళ్లకు, సేవలు అందించేవాళ్లకు. మా అబ్బాలాగా కొని అమ్మే దుకాణ్‌దార్లకు ఉద్యం కార్డు ఇస్తున్నా ఈ వడ్డీ హక్కు లేదు. కార్డు చూసి ధోఖా పడకండి.

పోయిన ఆదివారం భాంజీ వాళ్ల అబ్బా పుస్తకం ముందేసుకుని అవే మూడు లెక్కలు వేసింది. కాగితం రీళ్లూ, తయారైన పెట్టెలూ కలిపి సరుకు 20 రోజులు. వసూల్ 128 రోజులు. కాగితం మిల్లుకి కట్టేది 35 రోజుల్లో. ప్లస్ 113. ఫోన్ స్పీకర్‌లో పెట్టి నాకు చదివి వినిపించింది. తర్వాత వాళ్ల అబ్బాని అడిగింది, "ఈ 113 రోజులు మీరు ఎవరి డబ్బుతో నడుపుతున్నారు?"

"బ్యాంకు ఓడీ కొంత. మీ అమ్మీ గాజులు కొంత" అన్నారు దూల్హాభాయ్.

షికాయత్ పెడదామని ఆపా అంటోంది. ఆర్డర్ పోతే పదకొండు మందికి ఏం చెప్పాలని ఆయన అంటున్నారు. ఉద్యం నంబరు, బిల్లుల కాపీలు అన్నీ ఒక ఫైల్‌లో పెట్టి ఉంచారు. ఈ నెలాఖరు దాకా చూస్తారట.