ఓడిపోయే హక్కు

('గ్రౌండు గట్టు మీద నుంచి' – 6వ భాగం)

శామ్ కన్నింగ్‌హామ్ అనే పేరు మనవైపు ఎవరూ పెద్దగా విని ఉండరు. నా దగ్గర డిగ్రీ చదివి, ఇప్పుడు అమెరికాలో అలబామా రాష్ట్రంలో ఎమ్మెస్ చేస్తున్న శిష్యుడొకడు ఆ పేరు నా దాకా మోసుకొచ్చాడు. ఒక ఆదివారం ఫోన్ చేసి, "మేడమ్, నిన్న ఇక్కడ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ ఓడిపోయింది. ఊరు ఊరంతా చావు జరిగిన ఇల్లులా ఉంది" అన్నాడు.

అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ పిచ్చి మనకి అర్థం కావాలంటే పెద్ద హీరో సినిమా రిలీజునీ ఎన్నికల లెక్కింపునీ ఒకే రోజు పెట్టి ఊహించుకోవాలి. శనివారం ఆట. ఆదివారం నుంచి వారమంతా పంచనామా. కోచ్‌ని ఉంచాలా పీకాలా, ఫలానా కుర్రాడికి బంతి ఎందుకిచ్చారు, ఆఖరి పది నిమిషాల్లో ఎవరి కాళ్ళు వణికాయి... క్షవరం షాపులో, చర్చి మెట్ల మీద, పెట్రోలు బంకులో ఇదే మాట. అలాంటి ఒక పంచనామాలో మావాడి ల్యాబ్‌లో పనిచేసే తెల్ల పెద్దాయన ఒకాయన, "ఓడినందుకు ఏడవక్కర్లేదు. 1970లో ఒక్క ఓటమి మా రాష్ట్రాన్నే మార్చేసింది. మార్టిన్ లూథర్ కింగ్ ఇరవై ఏళ్ళలో చెయ్యలేనిది శామ్ కన్నింగ్‌హామ్ అరవై నిమిషాల్లో చేశాడు" అన్నాడట. ఆ మాట ఆయన సొంతం కాదు. ఎన్నో ఏళ్ళుగా అక్కడి అభిమానుల నోళ్ళలో నానుతున్నదే.

మావాడు మాదిగపల్లె నుంచి వెళ్ళినవాడు. ఆ మాట వాడికి గొంతులో అడ్డం పడింది. "ఇందులో ఏదో తేడా ఉంది మేడమ్, ఏంటో చెప్పలేకపోతున్నా" అన్నాడు. ఆ తేడా ఏమిటో చూద్దాం.

ముందు ఆ ఆట సంగతి. అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ మనం ఆడేది కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని ఎదుటివాళ్ళని గుద్దుకుంటూ పరిగెత్తాలి. 1970 సెప్టెంబరు 12న బర్మింగ్‌హామ్ ఊళ్ళో లీజియన్ ఫీల్డ్ స్టేడియంలో మ్యాచ్. ఒకవైపు అలబామా యూనివర్సిటీ. కోచ్ బేర్ బ్రయంట్, అక్కడి జనానికి దేవుడితో సమానం. 1961, 1964, 1965లో జాతీయ ఛాంపియన్‌షిప్ తెచ్చినవాడు. ఆ రోజు ఆయన దింపిన టీమ్‌లో అందరూ తెల్లవాళ్ళే. అవతలి వైపు కాలిఫోర్నియా నుంచి వచ్చిన యూఎస్‌సీ. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్, అంటే ఆట నడిపేవాడు, జిమ్మీ జోన్స్ అనే నల్ల కుర్రాడు. ఇంకొకడు క్లారెన్స్ డేవిస్. పుట్టింది బర్మింగ్‌హామ్‌లోనే, పెరిగింది కాలిఫోర్నియాలో. పుట్టిన ఊళ్ళోనే ఉండిపోయి ఉంటే ఆ రోజు అలబామా టీమ్‌లో అతనికి చోటు ఉండేది కాదు. మూడోవాడు శామ్ కన్నింగ్‌హామ్. అతని చేతికి బంతి 12 సార్లు ఇచ్చారు. 135 గజాలు పరిగెత్తాడు, రెండు టచ్‌డౌన్లు చేశాడు. అలబామా 42–21తో చిత్తయింది.

ఇక కథ మొదలు. అంత ఘోరంగా ఓడేసరికి తెల్ల అభిమానుల కళ్ళు తెరుచుకున్నాయట. "ఇలాంటి కుర్రాళ్ళు మనకీ ఉండాలి" అనుకున్నారట. బ్రయంట్ గారు ఎంత దూరదృష్టి కలవాడంటే, ఓడతామని తెలిసే ఆ మ్యాచ్ ఏర్పాటు చేశాడట. ఆట అయ్యాక కన్నింగ్‌హామ్‌ని తన టీమ్ గదిలోకి తీసుకొచ్చి, ఫుట్‌బాల్ ఆటగాడంటే ఇలా ఉండాలని తన కుర్రాళ్ళకి చూపించాడట. ఆ గదిలో ఉన్న అలబామా ఆటగాళ్ళలో కొందరు అలాంటిదేం జరగలేదని చెప్పినా కథ మాత్రం ఆగలేదు.

తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినదాన్ని కాబట్టి ఏ కథ విన్నా నాకొక ప్రశ్న వస్తుంది. ఇందులో మలుపు తిప్పేది ఎవరు? హరిజనోద్ధరణ కాలం నాటి కథలు ఒకసారి తిరగెయ్యండి. బావి దగ్గర నీళ్ళు తోడుకోనివ్వరు, గుళ్ళోకి రానివ్వరు, చివర్లో కరణంగారబ్బాయో మునసబుగారి కోడలో మనసు మార్చుకుంటారు. పల్లె జనం చేతులు జోడిస్తారు. కథ సుఖాంతం. అంతకు ముందు ఆ పల్లె వాళ్ళు పనులు మానేశారా, కలెక్టరుకి అర్జీ పెట్టారా, ఎన్ని దెబ్బలు తిన్నారు? అవేవీ కథలోకి రావు. అలబామా కథ కూడా అచ్చం ఇదే. కాకపోతే కరణంగారబ్బాయి స్థానంలో కోచ్ ఉన్నాడు.

కథలోకి రానివి తేదీల్లో ఉంటాయి.

1956లో ఆథరీన్ లూసీ అనే నల్ల యువతి అదే యూనివర్సిటీలో చేరింది. మూడు రోజులు క్లాసులకి వెళ్ళింది. గుంపు మీద పడితే యూనివర్సిటీ గుంపుని వదిలేసి ఆమెని సస్పెండ్ చేసింది, ఆ తర్వాత బహిష్కరించింది. 1963 జూన్ 11న వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ చేరడానికొస్తే గవర్నర్ జార్జ్ వాలెస్ స్వయంగా గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. అదే ఏడు సెప్టెంబరు 15న, ఇదే బర్మింగ్‌హామ్‌లో, నల్లవాళ్ళ చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపారు. 1967లో డాక్ రోన్, ఇంకో నలుగురు నల్ల విద్యార్థులు స్కాలర్‌షిప్ లేకుండానే బ్రయంట్ దగ్గరికి ప్రాక్టీసుకి వెళ్ళారు. ఎవరూ పిలవలేదు. వాళ్ళంతట వాళ్ళే వెళ్ళారు.

1969లో నల్ల విద్యార్థుల సంఘం బ్రయంట్ మీదా యూనివర్సిటీ మీదా కోర్టులో కేసు వేసింది. నల్ల ఆటగాళ్ళకి స్కాలర్‌షిప్‌లు ఎందుకివ్వరని. వాళ్ళ వకీలు యూ.డబ్ల్యూ. క్లెమన్, తర్వాత 1980లో అలబామాలో మొదటి నల్ల ఫెడరల్ జడ్జి అయినవాడు. కేసు పడ్డాకే ఓజార్క్ అనే ఊరి కుర్రాడు విల్బర్ జాక్సన్‌కి ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ దక్కింది. కన్నింగ్‌హామ్ మ్యాచ్ నాటికే అతను అలబామా విద్యార్థి. మొదటి సంవత్సరం వాళ్ళు పెద్ద టీమ్‌లో ఆడకూడదన్న నిబంధన వల్ల స్టాండ్స్‌లో కూర్చుని చూశాడు. మరుసటి ఏడు, 1971లో, జాన్ మిచెల్ అలబామా తరఫున మైదానంలో దిగిన మొదటి నల్ల ఆటగాడయ్యాడు. ఆ రోజు అదే యూఎస్‌సీ మీద 17–10తో అలబామా గెలిచింది.

ఇంకో మాట. ఓటమికే కళ్ళు తెరిపించే శక్తి ఉంటే అవి 1969 అక్టోబరులోనే తెరుచుకోవాలి. నల్ల ఆటగాళ్ళున్న టెన్నెసీ టీమ్ అదే లీజియన్ ఫీల్డ్‌లో 41–14తో అలబామాని తొక్కేసింది. ఆ ఓటమి గురించి ఎవరూ గొప్ప కథలు చెప్పుకోరు.

శామ్ కన్నింగ్‌హామ్‌ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆ గడ్డ మీద, ఆ జనం ముందు అలా పరిగెత్తడానికి కాళ్ళతో పాటు గుండె కూడా కావాలి. నా తగాదా అతని పేరుని వాడుకునే వాళ్ళతో. ఓటమి కథలో నల్లవాడు అవసరం కొద్దీ లోపలికొస్తాడు. కేసు కథలో హక్కు కొద్దీ వస్తాడు. ఈ రెండింటికీ తేడా గెలిచినన్నాళ్ళూ కనిపించదు. ఓడిన రోజున కనిపిస్తుంది.

మన దేశంలో చూద్దాం. పల్వంకర్ బాలూ, చమార్ కులంలో పుట్టిన బౌలర్. పూనాలో ఆట మధ్య టీ విరామంలో మిగతావాళ్ళు లోపల పింగాణీ కప్పుల్లో తాగుతుంటే ఆయనకి బయట మట్టి ముంతలో పోసేవాళ్ళు. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. తెల్లవాళ్ళని ఓడించడానికి హిందువుల టీమ్‌కి ఆయన చెయ్యి కావలసి వచ్చింది. గెలిచినప్పుడల్లా, చూశారా కులం పోతోంది అని మురిసిపోయినవాళ్ళున్నారు. కానీ కెప్టెన్ని చెయ్యమంటే మాత్రం వెనకాడారు. 1920లో ఆ అవమానం భరించలేక పల్వంకర్ సోదరులు, కారణం బహిరంగంగా చెప్పి మరీ, టీమ్ నుంచి తప్పుకున్నారు. 1923లో తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యాడు. వికెట్లు తియ్యని తలుపు, తీసిన చెయ్యి వెనక్కి లాక్కుంటే తెరుచుకుంది.

మొన్నటిది, 2021. టోక్యో ఒలింపిక్స్‌లో జూలై 31న దక్షిణాఫ్రికా మీద వందనా కటారియా హ్యాట్రిక్ కొట్టింది. ఒలింపిక్స్‌లో ఆ పని చేసిన మొదటి భారతీయ మహిళ. దేశం చప్పట్లు కొట్టింది. ఆగస్టు 4న సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో జట్టు ఓడిపోయింది. హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు టపాకాయలు కాల్చారు. టీమ్‌లో దళితులు ఎక్కువైపోయారు, అందుకే ఓడారు అంటూ కులం పేరుతో తిట్టారని కుటుంబం పోలీసులకి ఫిర్యాదు చేసింది. హ్యాట్రిక్‌కీ టపాకాయలకీ మధ్య దూరం నాలుగు రోజులు. గెలిచి సంపాదించుకున్న చోటుకి మనవాళ్ళు ఇచ్చే వాయిదా అంతే.

అంత దూరం ఎందుకు, మా కాలేజీకే వస్తాను. ఇది మనం కాలితో ఆడే ఫుట్‌బాల్. ఈ ఏడు అంతర్ కళాశాలల పోటీల్లో మా టీమ్ సెమీస్‌లో ఓడిపోయింది. పూర్తి సమయానికి 1–1. పెనాల్టీల్లో పోయింది. మా కీపర్ సెకండియర్ కుర్రాడు, మాలపల్లె నుంచి రోజూ మొదటి బస్సుకి వచ్చేవాడు. పెనాల్టీల్లో ఒకటి ఆపాడు. మావాళ్ళు ఇద్దరు బంతిని బారు మీద నుంచి ఆకాశంలోకి కొట్టారు.

మర్నాడు స్టాఫ్‌రూములో పంచనామా జరిగింది. బారు మీద నుంచి కొట్టిన ఇద్దరి పేర్లూ రాలేదు. పోటీలకి వారం ముందు దాకా టీమ్‌కి బూట్లు రాని సంగతీ రాలేదు. అందరి నోటా కీపరే. ఒకాయన చాలా మర్యాదగా, "వాళ్ళకి ఒంట్లో బలం ఉంటుందండీ, కాదనను. కానీ కీపింగ్ బుర్రతో ఆడేది" అన్నారు. అమెరికాలో నల్లవాళ్ళని పరిగెత్తడానికి తీసుకుని, ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ చోటుకి చాలాకాలం దూరం పెట్టింది సరిగ్గా ఈ మాట మీదే. ఆయన ఆ చరిత్ర చదివి ఉండరు. చదవకుండానే వచ్చే చదువు అది. ఇంకొకాయన, "ఆటల్లో కూడా రిజర్వేషన్ పెడితే ఇంతే" అన్నారు. నేను పీడీ గారి వైపు తిరిగి, "టీమ్‌లో రిజర్వేషన్ ఉందా సార్?" అనడిగాను. "లేదు మేడమ్, ట్రయల్స్‌లో తీసుకున్నవాడే" అన్నారు. "మరి బారు మీద నుంచి కొట్టిన ఇద్దరి కులం ఎవరూ అడగలేదేం?" అన్నాను. బెల్లు కొట్టకుండానే కొందరికి క్లాసులు గుర్తొచ్చాయి.

ఆ మాటలకన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ కుర్రాడు. వరండాలో కనిపించి, "వచ్చే ఏడు గెలిపిస్తా మేడమ్. అప్పుడు ఎవరూ ఏం అనరు" అన్నాడు. పంతొమ్మిదేళ్ళవాడు. గెలిస్తేనే ఆ చోటు తనదని నమ్మేశాడు. మనలో ఎంతమందిమి ఇలాగే బతుకుతున్నాం! క్లాసులో ఫస్టు రావాలి, ఆఫీసులో ఒక్క పొరపాటూ జరగకూడదు, ఇంగ్లీషులో ఒక్క అక్షరం తడబడకూడదు. మామూలుగా ఉండే హక్కు మిగతావాళ్ళకి పుట్టుకతో వచ్చింది. బారు మీద నుంచి కొట్టినా మర్నాడు తలెత్తుకుని క్యాంటీన్‌కి వెళ్ళే హక్కు అది.

"నువ్వు గెలిపించక్కర్లేదు నాన్నా. నువ్వు ట్రయల్స్‌లో నెగ్గావు, ఆ చోటు నీది. ఓడినా నీదే" అని చెప్పాను. మాట ఒక్కటీ సరిపోదు కాబట్టి ఇంకో పని కూడా చేశాం. ట్రయల్స్ తేదీ ముందే నోటీసు బోర్డులో పెట్టాలి, ఎంపిక మార్కులు అందరికీ కనపడేలా అతికించాలి, కెప్టెన్ని దేని ఆధారంగా ఎంచుతారో రాసివ్వాలి, బూట్లు ట్రయల్స్‌కి ముందే ఇవ్వాలి అని ప్రిన్సిపాల్‌కి దరఖాస్తు పెట్టాం. ఇన్వార్డు నెంబరు వేయించుకున్నాం. పద్దెనిమిది మంది పిల్లలు సంతకాలు చేశారు. వాళ్ళలో బంతిని బారు మీద నుంచి కొట్టిన కుర్రాడొకడు కూడా ఉన్నాడు. వాడంతట వాడే వచ్చి పెన్ను అడిగి తీసుకున్నాడు.

యాభై ఏళ్ళ తర్వాత మా కాలేజీలో ఎవరైనా పెద్దాయన ఈ కథ చెబితే, సెమీస్‌లో ఓడాక అందరి కళ్ళూ తెరుచుకున్నాయని చెప్పొచ్చు. అందుకే దరఖాస్తు జిరాక్సు కాపీ ఒకటి నా బీరువాలో దాచాను. తేదీతో సహా.

జై భీమ్.