పడుడు నేర్చుకుంటున్న

హంపి, సోమవారం

నాయినా,

నిన్న పొద్దుగూకేయాలకు హంపి చేరినం. మంచిగనే ఉన్న, యాళ్లకు తింటున్న, అమ్మకు చెప్పు. మన భువనగిరి గుట్ట మొత్తం ఒక్కటే రాయి కదా. ఇక్కడ గుండు మీద గుండు, తుంగభద్ర రెండొడ్లపొంటి కనుచూపుమేర గుండ్లే.

వీటిని ఎక్కెటందుకు తాడు వాడరు. మనిషికి రెండింతల ఎత్తుండే గుండు, కింద ఒక మందపాటి పరుపు, పక్కన చేతులు చాపి నిలబడే ఒక దోస్తు, అంతే. బౌల్డరింగ్ అంటరు దీన్ని. క్రిస్ షర్మ అనే అమెరికాయన ఈ గుండ్లు ఎక్కిన 'పిల్‌గ్రిమేజ్' సినిమా 2003ల వచ్చింది. ఇప్పుడు చలికాలమొస్తే ఎక్కడెక్కడి దేశాలోళ్లో ఇక్కడ దిగుతరు. ఎండల చేతికి చెమట పట్టి రాయి జారుతది గనుక, పొద్దుగాల కొంతసేపు, పొద్దుగూకే ముందు కొంతసేపే మా పని. నడుమంతా నీడకు కూసుండుడే.

చిన్నప్పుడు చింతచెట్టెక్కితే నువ్వు కింద నిలబడి "కిందికి చూడకు బిడ్డా" అనేటోనివి. ఇక్కడ మొదలు కిందికే చూడమంటరు. ఎక్కకముందే పరుపు చుట్టు తిరిగి, ఏడ పడుతమో చూసుకోవాలె. పడ్డప్పుడు రెండు కాళ్ల మీద దిగి, మోకాళ్లు వంచి, ఎనుకకు దొర్లాలె. చేతులు ఎనుకకు పెట్టి ఆపుకోబోతే మణికట్టు పోతది. తాడు లేదు గనుక ఇక్కడ ఎంత చిన్నగ జారినా నేల దాంక పోవుడే. అందుకే గుండు మీద పుట్టే భయం ఉండవలసిందే, దానితోని నాకు కొట్లాట లేదు.

నది అవతల అంజనాద్రి గుట్ట. ఆంజనేయుడు ఇక్కడనే పుట్టిండని వీళ్లంటరు, తిరుమల కొండల్ల పుట్టిండని దేవస్థానమోళ్లంటరు. యాడ పుట్టినా, సముద్రం మీద ఎగిరేటప్పుడు కిందికి చూసిండో లేదో ఎవరన్న చెప్తే బాగుండు.

నీ బిడ్డ


బాదామి, గురువారం

నాయినా,

గదగ్ మీదికెల్లి రైలుల వచ్చినం. స్టేషన్ ఊరికి దూరం, ఆటో ఎక్కాలె. చెరువు చుట్టు ఎర్రరాతి గోడలు, గోడల్ల తొలిచిన గుహలు. కోతులైతే సంచి జిప్పు కూడ తీస్తయి. నాయనమ్మ నా తమ్ముని పొట్ట నిమురుకుంట "జీర్ణం వాతాపి" అనేది చూడు, ఆ వాతాపి పేరున్న ఊరు ఇదే. చాళుక్యుల రాజు మొదటి పులకేశి 543ల ఇక్కడ కోట కట్టిచ్చినట్టు రాతి మీద శాసనమున్నది. రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడే వేంగికి పోయి తూర్పు చాళుక్యుల రాజ్యం మొదలువెట్టింది. గుహల సంగతి ఇంటికొచ్చినంక చెప్త, ఇప్పుడు నా మనసు గోడల మీదనే ఉన్నది.

ఇది ఇసుకరాయి. కింది నుంచి పైదాంక వరుసగ ఇనుప బోల్టులు దిగగొట్టి ఉంటయి. తాడు పైన కట్టి ఉండదు, నడుముకు కట్టుకొని నేనే తీసుకపోవాలె. బోల్టు కాడికి పోంగనే ఒక కొక్కెం తగిలిచ్చి అండ్ల తాడు వెయ్యాలె. కింద తాడు వదిలేటామెను బిలేయర్ అంటరు. బోల్టు దాటి మీటరు పైకి పోయి జారిననుకో, ఆ మీటరు, బోల్టుకు కింద ఇంకో మీటరు, ఆపైన వదులున్న తాడు, తాడు సాగుడు, అన్నీ కలిపి అంత లోతు పడుడే.

నాకు చిక్కు వచ్చింది ఇక్కడనే. చెయ్యి మంచి పట్టు మీదనే ఉంటది, కాలూ నిలబడే ఉంటది. కాని బోల్టు మోకాలి కిందికి పోయిందంటే పట్టును అక్కెరకు మించి పిసుకుత. ముంజేతులు బిగుసుకపోతయి. మడమ టకటక ఆడుతది, ఎక్కేటోళ్లు దాన్ని కుట్టుమిషన్ కాలు అంటరు. ఇగ "టేక్" అని ఒర్లుత. కిందామె తాడు బిగవడుతది, నేను ఏలాడుకుంట కూసుంట. పడకుండ తప్పించుకునే తోవ అది. దానికి అలవాటు పడితే ఎంత సత్తువున్నా ఆ గోడ ఎక్కుడు కాదు.

నా భయం తాడు తెగుతదని కాదు. నార తాళ్ల కాలంల ముందు పోయేటోడు పడొద్దన్నది ఒకటే కట్టడి. తాడు తెగితే పాణం పోతది, తెగకున్నా ఆ గుంజుడుకు నడుము పోతది. తర్వాత నైలాన్ వచ్చింది. 1953ల ఎడెల్‌రిడ్ అనే జర్మనీ కంపెనీ లోపల పోగులు, పైన అల్లిన తొడుగు ఉండే తాడు తెచ్చింది. ఇప్పుడు మేం కట్టుకునే తాడును 80 కిలోల బరువు కట్టి, గోడ మీద మామూలుగ మేం పడేదానికంటె ఎంతో గట్టిగ పడేసి చూస్తరు. కనీసం 5 సార్లు తెగకుండ ఆపాలె. మొదటిసారి 40 శాతానికి మించి సాగొద్దు. ఆ సాగుడే నడుమును కాపాడేది.

ఇవన్నీ నాకు తెలుసు, నా ఒంటికి తెలువది. అమెరికాల ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ అని ఇద్దరు 1960ల ఒక పరీక్ష సంగతి రాసిండ్రు. బల్ల మీద గట్టి అద్దం పరిచి, సగం అద్దం కింద లోతు కనవడేటట్టు చేసిండ్రు. పాకే పిల్లల్ని మీద ఇడిచి, లోతున్న దిక్కు నుంచి తల్లులతోని పిలిపిచ్చిండ్రు. అద్దాన్ని చేతితోని తడిమి కూడ చానమంది పిల్లలు దాని మీదికి పోలే. తల్లి పిలిచినా ఇననిది, నాకు నేను చెప్పుకుంటే ఆ భయం ఇంటదా?

రేపటి నుంచి ఎక్కుడు బంద్. పడుడే పని.

నీ బిడ్డ


బాదామి, ఆదివారం

నాయినా,

పడుతున్న. కావాలని, మల్ల మల్ల.

నా తాడు పట్టేది పుణె పిల్ల, నాకంటె బక్కగ ఉంటది, మాట మాత్రం గట్టిది. పడుడుకు గోడను ఆమెనే ఎంచింది. నిలువుగ ఉండాలె, లేకుంటే జర బయటికి వంగి ఉండాలె, నడుమ యాడ గట్టు తగలొద్దు. కింది బోల్టుల కాడ పడుడు లేనే లేదు, బాగ పైకి పోయినంకనే. మొదలు బోల్టు ఛాతీ కాడ ఉన్నప్పుడు ఇడిచిపెట్టిన. అది పడుడే కాదు, కూసుండుడు. తర్వాత నడుము కాడ, ఆ తర్వాత మోకాలి కాడ. ఆఖరుకు "పడుతున్న" అని చెప్పకుండ పడమన్నది. చెప్పుడు కూడ ఒక పట్టేనట.

గోడ మీద నా పని ఇంతే: తాడు కాలి ఎనుక లేకుండ చూసుకోవాలె, లేకుంటే తలకిందులైతం. గోడను తన్ని దూరం దుంకొద్దు, అట్ల దుంకితే ఊగి వచ్చి అంతే జోరుగ గోడకు కొట్టుకుంటం. తాడును దొరకబట్టొద్దు. ఊపిరి ఇడుసుకుంట, చేతులు ఇడిచి, మోకాళ్లు వంచి పెట్టాలె. ఊపిరి బిగవట్టి పడితే కడుపుల ఏదో లేచి గొంతుల కూసుంటది, అరుచుకుంట పడితే లేవదు. చెరువు అవతలి గుడి కాడ ఫోటోలు దిగేటోళ్లు మొదట్ల మా అరుపులకు ఉలిక్కిపడి చూసిండ్రు, తర్వాత మానుకున్నరు.

తాడు బిగుసుకునే గడియల ఆమె కింద చిన్నగ ఎగురుతది. అంతే, నాకు కొట్టుకున్నట్టే ఉండదు. ఎగురకుండ బిర్రుగ పడితే నేను పోయి గోడకు తాకుత. ఎక్కేముందు ప్రతిసారి నా ముడిని వేలుతోని తడిమి లెక్కపెడుతది, ఆమె నడుముకున్న పరికరంల తాడు సక్కగ ఉన్నదా అని నేను గుంజి చూస్త. ఎంత దోస్తులమైనా ఇది తప్పదు.

భయం పోయిందా అంటే పోలే. కాని ఇప్పుడు రెండు తీర్లు కనవడుతున్నది. రెండో బోల్టు దాటేదాంక పుట్టేది, కింద గట్టున్నప్పుడు పుట్టేది, తాడు పట్టేటోళ్లు ఫోన్ చూస్తుంటే పుట్టేది, అది ఉండాలె. ఖాళీ గోడ నడుమ, మంచి బోల్టు మీద పుట్టేది మాత్రం జర జర తగ్గుతున్నది. నిన్న ఒక గోడ మీద ఒక్కసారి కూడ "టేక్" అనలే. పైదాంక పోలే, ఆఖరి బోల్టు కాడ పడిన. అయినా సంబురంగ ఉన్నది.

ఇగ నీ సంగతి. తాడిచెట్టు మీద నీకుండే భయం మొదటి తీరుది. మోకు నిన్ను చెట్టుకు ఆనిచ్చి నిలబెడుతది, గుజి కాళ్లను పడుతది. మోకు జారితే ఆపేటందుకు రెండోది లేదు. సర్కారు 2024ల కల్లు గీసేటోళ్లకు కాటమయ్య రక్షణ కవచం అని బెల్టుల సంచి ఇయ్యవట్టింది. నీకొచ్చిన సంచి అటక మీదనే ఉన్నది. అడ్డమొస్తది, ఆలస్యమైతది అన్నవు. పొద్దుగాల అన్ని చెట్లెక్కి గీసి దిగేటోనికి ఆలస్యం ఉత్త మాట కాదు, నాకు తెలుసు. కాని నువ్వు ఆ బెల్టుల ఒక్కసారి కూడ ఏలాడలే. ఏలాడనిది నీ ఒళ్లు దాన్నెట్ల నమ్ముతది? నేనైతే నమ్మలే.

నేను వచ్చినంక సంచి కిందికి దించుదాం. బాయి కాడి తాడిచెట్టుకు మనిషెత్తుల కట్టి, మొదలు నేను కాళ్లిడిచి కూసుంట, నువ్వు చూడు. తర్వాత నువ్వు. రెండు చేతులు ఇడిచి, ముస్తాదు కట్టుకొని, కత్తి తీసి పెట్టి చూడు. యాడ అడ్డమొస్తదో అప్పుడు తెలుస్తది, పట్టీలు జరుపుకోవచ్చు. అప్పటికీ నచ్చకుంటే మల్ల అటకెక్కిద్దాం, నేను కొట్లాడ.

బుధవారం బయలెల్లుతం. అమ్మకు ఈ ఉత్తరం చదివేటప్పుడు మొదటి పేజీ ఇడిచిపెట్టి, నీ సంగతి కాడికెల్లి మొదలువెట్టు.

నీ బిడ్డ